కారు ఉరుస్తోంది, అమ్మేయాలా?

పాత కారులోకి వాన నీళ్లు వస్తున్నాయని మద్నూర్‌లో ఎవరికి చెప్పినా రెండే సలహాలు వస్తాయి. ఒకటి, 'కింద తారు పూసెయ్'. రెండోది, 'అమ్మెయ్'. నాకు ఈ రెండూ నచ్చవు. ఎందుకు నచ్చవో చెప్పడానికే ఇది రాస్తున్నా. ఇది మెకానికల్ వాళ్లు రాయాల్సిన టాపిక్, సీఎస్‌ఈ వాడికి ఏం పని అని మన క్లబ్‌లోనే ఒకరు అడిగారు. నీళ్లు బ్రాంచ్ చూసి రావు కదా.

ముందు మాటల సంగతి. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు ఇది లీకేజ్, కరోజన్. మా నానమ్మ మాత్రం పాత పెంకుటిల్లు గురించి చెప్పినట్టే 'కారు ఉరుస్తుంది' అంటది. తుప్పుని మా దగ్గర చాలామంది జంగు అంటారు. దెగ్లూర్ పక్కనే ఉంది, మహారాష్ట్ర సరిహద్దు మీదే బతుకుతాం, బజార్లో తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసే నడుస్తాయి. ఈ పనికి నానమ్మ మాటే కరెక్ట్ అని నా అభిప్రాయం. లీకేజ్ అంటే ఏదో ఒక పైపుకి ఒక చోట బొక్క పడ్డట్టు వినిపిస్తుంది. ఇల్లు ఉరుస్తుంది అంటే, చుక్క ఇక్కడ పడుతోంది గానీ పెంకు ఎక్కడ పగిలిందో ఇంకా తెలీదు అని. కారులో జరిగేది అచ్చంగా ఇదే.

మాది 2004 మోడల్ మారుతి 800. నంబర్ ఇంకా ఏపీ 25 తోనే ఉంది, అంటే నిజామాబాద్ రిజిస్ట్రేషన్. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడింది, మేము జిల్లా మారాం, కారు మారలేదు. 1983 డిసెంబర్‌లో మొదలైన ఈ మోడల్ 2014 జనవరిలో ఆగిపోయింది. మా అమ్మానాన్నల తరంలో చాలా ఇళ్లకి మొదటి కారు ఇదే. పోయిన వానాకాలం ముందు సీట్లో ఎడమ పక్క కూర్చున్నవాళ్ల కాళ్ల కింద మ్యాట్ చప్‌చప్ అనడం మొదలైంది. రెండో వారానికి తడి బట్టల వాసన. పట్టణంలో ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే బండి దిగి కూడా చూడకుండా ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ పేపర్ చేతిలో పెట్టారు.

ఇక్కడ టెన్త్ కెమిస్ట్రీ గుర్తుచేసుకోండి. మూడు పరీక్ష నాళికలు, మూడు మేకులు. ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఒకదాంట్లో మరిగించిన నీళ్లు పైన నూనె, ఇంకోదాంట్లో నీళ్లు లేకుండా కాల్షియం క్లోరైడ్. మొదటిదాంట్లో మేకు మాత్రమే తుప్పు పడుతుంది. గాలి, నీరు రెండూ కావాలి అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఐతే పుస్తకం గట్టిగా చెప్పని విషయం ఒకటుంది. తుప్పు తను పుట్టిన ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెయింట్ కింద పొక్కులు లేస్తాయి, అతికిన రేకులు విచ్చుకుంటాయి. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడ్ పొర గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు అలా కాదు, పొరలు పొరలుగా రాలిపోయి కింద ఉన్న కొత్త ఇనుముకి మళ్లీ దారి ఇస్తుంది. మీకు బయట కనిపించే పొక్కు రూపాయి బిళ్లంత ఉంటే లోపల అరచేయంత ఉందని అనుకోవచ్చు.

మా ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత, నల్లరేగడి. పత్తి చేను దారిలో ఒక్కసారి పోయొస్తే చక్రాల పైన, మడ్‌గార్డ్ లోపల మట్టి ముద్దలు ముద్దలుగా ఇరుక్కుంటుంది. పైన ఎండినట్టు కనిపిస్తుంది, లోపల రోజుల తరబడి తడి పట్టుకునే ఉంటుంది. కట్టు కట్టినట్టు. వానాకాలంలో కారు పైన షాంపూ పెట్టి తోమేవాళ్లు చాలామంది ఉన్నారు, మడ్‌గార్డ్ లోపలికి పైపు పెట్టి కడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే పై షాంపూ మానేసినా ఫర్వాలేదు.

సరే, నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఎలా కనుక్కోవాలి? మా కారుని చివరికి చూసింది మెయిన్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో డెంటింగ్, పెయింటింగ్ పని చేసే ఒక చాచా. ఆయన మొదట ఏ పానా పట్టుకోలేదు, ప్రశ్నలు అడిగారు. వాన పడ్డప్పుడే వస్తుందా, ఏసీ వేసినప్పుడు కూడా వస్తుందా? ఏసీ వేసినప్పుడు మాత్రమే ఐతే అది బయటి నీళ్లు కాదు, ఏసీ నీళ్లు బయటికి పోయే సన్న పైపు మూసుకుపోయిందని లెక్క. తడి జిగటగా ఉందా, తియ్యటి వాసన వస్తుందా? ఐతే రేడియేటర్ కూలెంట్. కడిగినప్పుడు వస్తుందా, లేక నడిపినప్పుడు కింద నుంచి చిమ్ముతుందా? కిందనుంచైతే ఫ్లోర్‌లో బొక్క, లేదా ఊడిపోయిన రబ్బరు బిరడా. మేము డీబగ్గింగ్ క్లాసులో మూడు వారాలు నేర్చుకున్నది ఆయన ఐదు నిమిషాల్లో చేశారు. మాది వానకి మాత్రమే వచ్చే నీళ్లు.

తర్వాత మ్యాట్, కింద కార్పెట్, దాని కింద స్పాంజి అన్నీ తీసి ఎండలో వేశారు. ఇది తప్పనిసరి. స్పాంజి తడి పీల్చుకుని పక్కకి పాకిస్తుంది, అది ఉన్నంతసేపు ఏ చుక్క ఎక్కడిదో తెలీదు. ఫ్లోర్ ఆరాక పాత పేపర్లు పరిచి, డ్యాష్‌బోర్డ్ కింద రేకు మీద పౌడర్ చల్లారు. మామూలు టాల్కం పౌడరే. నన్ను లోపల టార్చ్‌తో పడుకోబెట్టి, ఆయన బయట పైపుతో నీళ్లు పోశారు. ఇక్కడ ఒక నియమం ఉంది, కింది నుంచి పైకి రావాలి. ముందు డోర్ కింది భాగం, తర్వాత డోర్ అద్దం, తర్వాత బానెట్ వెనక భాగం, ఆ తర్వాతే ముందద్దం. మొదటే పైన పోస్తే నీళ్లు అన్ని చోట్లా పారతాయి, ఏది కారణమో చెప్పలేం. డోర్‌కి పోసినప్పుడు లోపల ఏమీ రాలేదు. బానెట్ వెనక, వైపర్ల కింద ఉన్న జాలీ మీద పోయగానే పౌడర్ మీద సన్నటి గీత దిగింది.

"బేటా, తడి ఆడున్నది గని బొక్క ఆడ లేదు," అన్నారు చాచా. నిజమే. ఆ జాలీ కింద ఒక కాలువ లాంటి పెట్టె ఉంటుంది. ముందద్దం మీద పడ్డ వాన అందులోకి దిగి పక్కల నుంచి బయటికి పోవాలి. మా కారు పార్క్ చేసేది వేపచెట్టు కింద. ఏళ్ల తరబడి రాలిన ఆకులు అందులో కుళ్లి ఎరువైపోయాయి. నీళ్లు నిలబడ్డాయి. నిలబడ్డ చోట, రెండు రేకులు కలిసిన అతుకు దగ్గర, జంగు తినేసింది. రెండు వేళ్లు పట్టేంత బొక్క. అక్కడినుంచి నీళ్లు డ్యాష్‌బోర్డ్ వెనకాల జారి కాళ్ల దగ్గరికి వస్తున్నాయి.

నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి ఇదే. కారులోకి ఒక్క చుక్క కూడా రాకుండా ఎవరూ డిజైన్ చేయలేదు. డోర్ అద్దం పక్క నుంచి వాన నీళ్లు డోర్ లోపలికి దిగడం మామూలే. కింది అంచున సన్న రంధ్రాలు పెట్టి బయటికి పోయేలా చేశారు. మనం తుప్పు పట్టొద్దని కింద దట్టంగా తారు, రంగు కొట్టించి ఆ రంధ్రాలే మూసేస్తాం. మా జిల్లాలో ఎవరికైనా ఇది వేరే మాటలో చెప్పొచ్చు, అలుగు మూసేస్తే చెరువు ఏమవుతుంది? మంజీర మీద నిజాంసాగర్ కట్టి (1923లో మొదలై 1931లో పూర్తయింది) ఇన్నేళ్లయినా నిలబడిందంటే ఎక్కువైన నీళ్లకి గేట్లు పెట్టారు కాబట్టి. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డిలో వరదకి కార్లు కొట్టుకుపోయిన వీడియోలు అందరం చూశాం. నీళ్లకి దారి లేకపోతే ఊరైనా డోరైనా ఒకటే. (అన్నట్టు, అలాంటి వరదల తర్వాత మునిగిన కార్లు శుభ్రం చేసి సెకండ్‌హ్యాండ్‌లో అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చూడండి. చివర్లో బురద మరక ఉంటే వెనక్కి తిరిగి వచ్చేయండి.)

ఇక 'తారు పూసెయ్' అనే సలహా. తుప్పు మీద తారు పూస్తే తుప్పు ఆగదు. ఉన్న తడి లోపలే బందీ ఐపోతుంది, పైకి నల్లగా నీట్‌గా కనిపిస్తుంది, లోపల తినడం నడుస్తూనే ఉంటుంది. తుప్పు మీద ఎం-సీల్, లప్పం కూడా అంతే. అవి చెడ్డ వస్తువులని కాదు, అవి దేనికి అంటుకున్నాయో అదే రాలిపోతుంటే అవేం చేస్తాయి? ప్రోగ్రామ్‌లో ఎర్రర్ కనిపించకుండా ట్రై-క్యాచ్ పెట్టి లోపల ఖాళీగా వదిలేసే బ్యాచ్ మన క్లాసులో ఉన్నారు, పేర్లు చెప్పను.

సరైన పని కొంచెం ఎక్కువ కష్టం, అంతే. పొక్కులు లేచిన రంగంతా గీకాలి. వైర్ బ్రష్, గ్రైండర్‌తో మెరిసే ఇనుము కనిపించేదాకా పోవాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి, దిగిందంటే ఆ రేకు లేనట్టే. సూది బొక్కలు, పైపై తుప్పు ఐతే ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూస్తే మిగిలిన తుప్పు నల్లటి ఫాస్ఫేట్ పొరగా మారుతుంది, దాని మీద ప్రైమర్. పెద్ద బొక్క ఐతే కుళ్లిన రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి, అతుకు మీద సీలెంట్, ఆపైన ప్రైమర్, రంగు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైరు తీసేయడం, కార్పెట్, వైర్లు పక్కకి జరపడం, చేతికందే దూరంలో నీళ్లో ఇసుకో పెట్టుకోవడం మర్చిపోవద్దు. ఇంట్లో మనం చేసుకోగలిగేది ఆకులు తీయడం, రంధ్రాలు తెరవడం, పైపై తుప్పు గీకడం వరకే. వెల్డింగ్ మాత్రం పని తెలిసినవాళ్లకే వదిలేయాలి. మాకు రెండు రోజులు పట్టింది, మజూరీ, సామాను కలిపి ఒక మామూలు ఫోన్ రేటులో సగం కూడా కాలేదు.

ఫాస్ఫేట్ మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. ఢిల్లీలో ఇనుప స్తంభం 1600 ఏళ్లుగా వానలో నిలబడి ఉందని చిన్నప్పటి నుంచి వింటాం. ఐఐటీ కాన్పూర్‌లో ప్రొఫెసర్ ఆర్. బాలసుబ్రమణ్యం దాని మీద ఏళ్ల తరబడి పని చేసి, ఆ ఇనుములో ఎక్కువగా ఉన్న ఫాస్ఫరస్ వల్ల పైన కాపాడే పొర ఏర్పడిందని వివరించారు. అంత దూరం ఎందుకు, మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవాళ్లు. ఇనుము గురించి ఇంత తెలిసిన జిల్లాలో ఇప్పుడు 'జంగు పట్టింది, అమ్మెయ్' అని తేల్చేస్తున్నాం.

ఆ రెండో సలహాకే వస్తున్నా. నిజానికి రిపేర్‌కి ముందు మేము అమ్మకానికి పెట్టాం. బిచ్కుంద వైపు నుంచి ఒకాయన వచ్చారు. బైక్ మీద భార్య, ఇద్దరు పిల్లలతో తిరగలేక కారు చూస్తున్నారు. మధ్యలో ఉన్న బ్రోకర్ మా డాడీని పక్కకి పిలిచి కొత్త మ్యాట్ వేసెయ్యమన్నాడు. మా మామ కూడా, "అడిగితే చెప్పండి, అడగకపోతే మనకెందుకు బావా" అన్నారు. డాడీ ఏమీ అనకుండా మ్యాట్ ఎత్తి చూపించారు. ఆయన చూసి, చాయ్ తాగి వెళ్లిపోయారు. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు, ఎందుకంటే ఆ డబ్బు నా సెమిస్టర్ ఫీజుకి అనుకున్నది.

నేను డాడీ వైపే. ఎందుకంటే అన్ని తుప్పులూ ఒకటి కాదు. డోర్ కింద తుప్పు పడితే అది అందం సమస్య. సీటు బెల్టు బిగించిన చోట, సస్పెన్షన్ బిగించిన చోట, డోర్ల కింద నిలువుగా ఉండే పట్టీలో పడితే అది ప్రాణం సమస్య. బెల్టు ఎంత గట్టిదైనా అది పట్టుకుని ఉన్న రేకు బిస్కెట్‌లా ఉంటే బ్రేక్ పడిన రోజు ఏమవుతుంది? ఎయిర్‌బ్యాగులు ఎలాగూ లేని కారు ఇది. మ్యాట్ కింద నీళ్లు ఆ రేకు వైపే పాకుతాయి. చట్టం కూడా చూశాను. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం నాణ్యత చాలావరకు కొనేవాడే చూసుకోవాలి. ఐతే 1872 కాంట్రాక్ట్ చట్టం ప్రకారం తెలిసిన లోపాన్ని కావాలని కప్పిపెట్టడం మోసం కిందికి వస్తుంది. 'అడగలేదు కాబట్టి చెప్పలేదు' అనేదానికీ, 'కొత్త మ్యాట్ వేశాం' అనేదానికీ మధ్య గీత అక్కడుంది. మా మామకి ఈ సెక్షన్ చెప్తే, "నువ్వు లా చదవాల్సింది రా" అన్నారు.

ప్రభుత్వం చేసేది ఏంటో కూడా చూద్దాం. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు. ఢిల్లీలో ఐతే వయసు చూసి బండ్లనే ఆపారు. పాత బండ్లు పొగ ఎక్కువ వదులుతాయి, కొత్తవాటిలో భద్రత ఎక్కువ, ఒప్పుకుంటా. కానీ వయసుకి ఫీజు పెంచితే తుప్పు తగ్గుతుందా? పదేళ్ల కారు సముద్రపు ఉప్పుగాలిలో విశాఖ బీచ్ పక్కన ఉంటే, ఇరవై ఏళ్ల కారు షెడ్డులో పొడిగా ఉంటే, ఏది ప్రమాదం? బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకి ఏటా ఎంఓటీ అనే పరీక్ష ఉంటుంది. సీటు బెల్టు, సస్పెన్షన్ లాంటివి బిగించిన చోటు నుంచి 30 సెంటీమీటర్ల లోపు బలం పోయేంత తుప్పు ఉంటే ఫెయిల్. వయసు అడగరు, రేకు అడుగుతారు. ఫీజు పదివేలు తీసుకున్నా ఫర్వాలేదు, ఆ పదివేలకి ఒక మనిషి కార్పెట్ ఎత్తి, కింద పడుకుని, ఒక స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. అది నా డిమాండ్.

ఎంఎస్‌కి వెళ్లే సీనియర్లకి ఒక మాట. అమెరికాలో మిషిగన్, ఒహాయో లాంటి చలి రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ తక్కువకి దొరికే పాత కారు కొనేముందు ఇంజిన్ సౌండ్ కంటే ముందు కిందికి వంగి చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో చేయి పెట్టి చూడండి. తడి తగిలితే బేరం ఆపేయండి.

మన కాలేజీ గురించి కూడా ఒకటి అడుగుతా. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో టిన్ స్మితీ అని ఒక ట్రేడ్ ఉంది కదా. జింకు పూత రేకుతో ఒక చదరపు ట్రే చేసి, రికార్డ్ రాసి, సంతకం పెట్టించుకుని, ట్రే స్క్రాప్‌లో పడేశాం. ఆ జింకు ఎందుకు పూశారో (ఇనుము బదులు తనే ముందు తినబడటానికి) వైవాలో అడిగితే సగం మంది నోరు తెరిచాం. ఆ ట్రే బదులు స్క్రాప్ షాపు నుంచి ఒక పాత కారు డోర్ తెప్పించి, ఒక బకెట్ నీళ్లు ఇచ్చి, నీళ్లు ఎక్కడినుంచి వచ్చి ఎక్కడికి పోతాయో గీయమంటే ఎలా ఉంటుంది? మార్కులు గీతకి ఇవ్వండి. గెస్ట్ లెక్చర్‌కి ప్రతిసారీ కంపెనీ వాళ్లనే పిలుస్తారు, ఒకసారి మా చాచాని పిలవండి. మూడు భాషల్లో చెప్తారు, స్లైడ్లు ఉండవు, టాల్కం పౌడర్ డబ్బా ఒకటి కొనిపెడితే చాలు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం పెట్టకండి, ఆయనకి కుదరదు.